గచ్చు కట్టిన బావి

సున్నపురాతిని బట్టీలో కాల్చి, దానిపై నీరు చల్లి విరియజేసి, జల్లెడ పట్టి, ఇసుకతో కలిపి, గుండ్రని రాతికాలువలో పోసి, ఎద్దులచేత బరువైన రాతిచక్రమును దానిపై గంటల తరబడి త్రిప్పించి, నడుమనడుమ కరక్కాయలు నానిన నీటిని, బెల్లపు నీటిని, ఒక్కొక్కచోట కోడిగ్రుడ్డు తెల్లసొనను చేర్చి, వెన్నవలె మెత్తనగువరకు నూరినపిమ్మట లభించు పదార్థమును మన పెద్దలు డంగు సున్నమనిరి. దానిని గోడకో నేలకో పట్టించి, నున్నని రాతితో రుద్ది రుద్ది మెరుగు దెచ్చినచో అది గచ్చు అగును. కోటల బురుజులు, గుళ్ల గోపురములు, మసీదుల మీనార్లు, దొరల గడీలు, దర్గాల గుమ్మటములు, అన్నియు ఈ ఒక్క గచ్చుతోనే నిలిచినవి. గుడికొక సున్నము, మసీదుకొక సున్నము కలదని గానుగ త్రిప్పిన ఎద్దు ఎరుగదు. దానిని అదలించిన మేస్త్రియు ఎరుగడు.

అట్టి గచ్చు కట్టిన బావి పేరుతోనే హైదరాబాదు నగరమునకు పడమట ఒక ఊరు వెలసినది. నేడు గచ్చిబౌలి యనగానే అద్దాల మేడలును, వంతెనపై వంతెనలును, మెడలో గుర్తింపుపత్రములు వ్రేలాడుచుండ వడివడిగా నడచు యువజనులును కన్నులకు గట్టుదురు గాని, ఆ పేరులో ఒక బావి యున్నదని తలపునకు దెచ్చుకొనువారు అరుదు. గచ్చు అను శబ్దము పారశీకమునందలి ‘గచ్’ నుండి వచ్చినదే. అయినను ‘మట్టిలో ఆడకు, గచ్చు మీద కూర్చో’ అని బిడ్డను మందలించు తెలుగు తల్లికి అది పరభాషాపదమని కలలోనైనను తోచదు. బౌలి యనగా హిందుస్తానీలో మెట్లు గల దిగుడుబావి. దాని మూలము సంస్కృతమునందలి వాపీ శబ్దము. ఆ వాపీ శబ్దమే ప్రాకృతముల త్రోవన దక్షిణమునకు దిగి తెలుగున బావి యైనది. కావున బౌలియు బావియు ఒక తల్లి బిడ్డలు. చిన్ననాట ఎడబాసి, ఒకరు ఉత్తరమునను ఒకరు తెలుగునాటను పెరిగి, చాలకాలమునకు గోలకొండ నీడలో మరల కలిసికొని, ఒకరినొకరు గుర్తింపకయే ఒకే ఇంట కాపురముండిన అక్కచెల్లెండ్ర వంటివారు.

భిన్నజాతులు, భిన్నమతములు ఒకచోట శాంతితో బ్రదుకుటకు సహజీవనమని పేరు పెట్టి, దానిని గూర్చి సభలలో ఉపన్యసించుట ఇటీవలి కాలపు వాడుక. పేరు పెట్టక ముందును ఆ బ్రదుకు ఉన్నది. అది ఎట్లు నడచినదో, ఎక్కడ పగిలినదో గచ్చిబౌలి పరిసరములలో చూపదగిన గుర్తులు కలవు. వానిని చూపుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ఈ ప్రాంతపు నేల గ్రానైటు నేల. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. భూమిలోపల పగుళ్లు బట్టిన శిలలోనికి వాననీరు దిగి, ముందుగా మూలలను అంచులను కుళ్లజేసి, శిలను గుండ్లు గుండ్లుగా విడదీయగా, చుట్టునున్న మెత్తని మట్టి లక్షలాది వానలకు కొట్టుకొనిపోగా, ఆ గుండ్లు ఒకదానిపై నొకటి నిలిచి బయటపడినవి. ఏనుగంత గుండు చాటంత ఆనుపుపై నిలిచి, తోసిన పడునేమో యనిపించుచు, వేలయేండ్లుగా పడక యుండుట ఇచ్చట సామాన్యదృశ్యము. ఆ గుండ్ల నడుమ ఎవరును సున్నము పెట్టలేదు. ప్రతి గుండును తన బరువు తాను మోయుచు, ప్రక్కదానికి చోటు విడిచి నిలిచినది. కలిసి బ్రదుకుటకు ఈ నేల చూపు రీతులు రెండు: ఒరసికొనక ప్రక్కప్రక్కన నిలుచుట గుండ్ల రీతి; ఒకదానిలో నొకటి నూరుకొనిపోయి విడదీయరానట్టు అగుట గచ్చు రీతి. ఈ రెండును గచ్చిబౌలి చరిత్రలో కలవు.

గుండ్ల రీతిని చూడదలచినవారు ఖాజాగూడ గుట్టకు పోవలెను. పాత బొంబాయి రోడ్డునకు చేరువలోనున్న ఈ గుట్టను ఫక్రుద్దీన్ గుట్ట యనియు పిలుతురు. బాబా ఫక్రుద్దీన్ ఔలియా యను సూఫీ మహనీయుని దర్గా ఈ గుట్టమీది రాళ్ల నడుమ కలదు. 1347లో బహమనీ రాజ్యమును స్థాపించిన అల్లావుద్దీన్ హసన్‌కు ఆయన గురువని ప్రతీతి. గోలకొండను కుతుబ్‌షాహీలు ఏలుటకు నూటయేబది యేండ్లకు పైబడిన పూర్వపు మాట యిది. అదే గుట్టపై అనంతపద్మనాభస్వామి ఆలయమును కలదు. ఇక 1951లో, పుణెలోని ఇరానీ జరతుష్ట్రీయ కుటుంబమున బుట్టి, 1925 నుండి మౌనవ్రతమున నున్న మెహెర్ బాబా ఈ గుట్టమీదనే కొన్నినాళ్లు ఏకాంతవాసము చేసెను. శేషశయనుడగు దేవుడును, సమాధిలో శయనించిన ఫకీరును, మాటలాడని సాధువును ఒక్క గుట్టపై చోటు చేసికొనిరన్నమాట.

ఆదివారమునాటి వేకువను గుట్టనెక్కువారిని చూడుడు. రాళ్లెక్కు అభ్యాసము చేయు కుర్రవాడు త్రాడు భుజమున వేసికొని, బండచీలికలో వ్రేళ్లు జొనిపి పట్టు వెదకుచుండును. దర్గాకు పోవు ముసలమ్మ చేతిలో మల్లెల పొట్లమును, ఊదుబత్తుల కట్టయు నుండును. ఆమె వెనుకనే కొబ్బరికాయ సంచి పట్టుకొని గుడికి పోవు దంపతులు. త్రోవ సన్నమైనచోట ఒకరాగి ఒకరికి దారి ఇత్తురు. ఎవరును ఎవరి నమ్మకమును ప్రశ్నింపరు. ఒకరి పూజలో ఒకరు పాల్గొనరు. గుట్ట దిగినపిమ్మట ఒకరినొకరు జ్ఞాపకముంచుకొనరు. దీనిని గొప్ప సౌభ్రాత్రమని కీర్తింపనక్కర లేదు, చిన్న విషయమని త్రోసివేయనును రాదు. దారి ఇచ్చుటయే గుండ్ల రీతి.

గచ్చు రీతి గోలకొండలో కననగును. ఇబ్రహీం కుతుబ్‌షా 1550లో సింహాసనమెక్కుటకు ముందు, అన్నకు వెరచి, విజయనగరమున రామరాయల ఆశ్రయమున ఏడేండ్లు గడపెను. అక్కడ ఆయనకు తెలుగు చెవికెక్కినది, పిమ్మట మనసుకెక్కినది. తెలుగు కవులు ఆయన పేరును తమ ఛందస్సులో ఇముడునట్లు మల్కిభరాముడని మార్చుకొనిరి. అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చెను. కందుకూరి రుద్రకవి ఆయన ఆదరమును బడసెను. గచ్చిబౌలినుండి లింగంపల్లి మీదుగా పడమటికి పోయినచో కొలది క్రోసుల దూరమున పటాన్‌చెరువు వచ్చును. అక్కడి కుతుబ్‌షాహీ అధికారి అమీనుఖానునకు పొన్నిగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రను అంకితమిచ్చెను. తత్సమపదములను విడిచి, తేట తెనుగు మాటలతోనే కావ్యమంతయు నడపవలెనను సంకల్పముతో పుట్టిన తొలి అచ్చతెనుగు కావ్యమది. ఇంటిలో పారశీకము పలుకు తురక అమీరు అచ్చతెనుగును అంకితము పుచ్చుకొనగా, తెలుగింట బుట్టిన నాబోటివారు సంస్కృతపదములు లేక పుట నింపలేకున్నారు. భాషలు ఎవరి సొత్తను ప్రశ్నకు చరిత్ర చెప్పు సమాధానము ఇట్టి చమత్కారములతో నిండియున్నది.

కుతుబ్‌షాహీల ఫర్మానాలు పెక్కు పారశీకమునను తెలుగునను, ఒకే కాగితముపై, జమిలిగా వెలువడినవి. రాజు మాట కరణమునకును రైతునకును తెలియవలెను గదా! ఇందులో ఔదార్యమెంతో, శిస్తు వసూలు చేసికొను అవసరము అంత. అవసరమే వారిని కలిపినదని చెప్పినచో వారి గౌరవమునకు లోటు లేదు. అవసరము లేక కలిసినవారికంటె, అవసరము గలిగి కలిసినవారి చెలిమియే తరచుగా చిరకాలము నిలుచును. అట్లని ఆ కాలమును స్వర్ణయుగముగా చిత్రించుటయు సత్యము కాదు. ఏడేండ్లు తనకు అన్నము పెట్టిన రామరాయలపై దక్కను సుల్తానులు కూటమి కట్టినపుడు, 1565లో, రాక్షసతంగడి యుద్ధమున ఇబ్రహీముడును ఆ కూటమిలోనే నిలిచెను. కవులను ఆదరించిన చేయియే కత్తిని దూసినది. రాజుల మైత్రి రాజ్యముల మైత్రి కాజాలదు.

రాజులకంటె నీరే ఎక్కువమందిని కలిపినది. ఇబ్రహీముని కాలముననే, 1560వ దశకమున, హుస్సేన్‌సాగరము త్రవ్వబడినది. ఆ పనిని నడపిన హుస్సేన్ షా వలీ సూఫీ సాధువు, నిర్మాణకుశలుడు. చెరువునకు రాజు తన పేరు పెట్టుకొనదలచినను, జనులు పని చేయించిన సాధువు పేరుతోనే దానిని పిలిచిరని ప్రతీతి. ఆ హుస్సేన్ షా వలీ సమాధి రాయదుర్గమునకు చేరువలో, గచ్చిబౌలికి పోవు త్రోవకు దాపుననే కలదు. ఏటేట ఉర్సు నాడు గంధపు ఊరేగింపు జరుగును. కట్టపై వెలసిన దేవతకు బోనమెత్తు స్త్రీయు, కట్ట కట్టించిన ఫకీరునకు చాదరు కప్పు పురుషుడును ఒకే నీటికి కృతజ్ఞత చెప్పుచున్నారు. ఇటు దుర్గముచెరువు గోలకొండ కోటలోని జనులకు త్రాగునీటి ఆధారముగా నుండెను. కోట పాడువడినను చెరువు నిలిచినది. దానిపై 2020లో తీగల వంతెన వెలసినది. సాయంకాలము రంగురంగుల దీపములు చూడవచ్చువారిలో, ఈ నీరు ఒకప్పుడు పాదుషాల దాహము తీర్చినదని తలచువారు ఎందరో!

చుట్టుపట్ల ఊళ్ల పేర్లను ఒక్కసారి వల్లించుడు: రాయదుర్గము, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ, గోపన్‌పల్లి, కొండాపురము, హఫీజ్‌పేట, ఖానామెట్, మాదాపురము, గుట్టల బేగంపేట. వీనిలో కొన్ని పేర్లలో అరబ్బీయో పారశీకమో తలగాను, తెలుగు మొండెముగాను అమరియున్నవి. కొన్నింట తలక్రిందులుగను ఉన్నవి. అన్నింటను నాకు ప్రియమైనది మసీదుబండ. బండ ముందు పుట్టినది, మసీదు తరువాత వచ్చినది, ఊరు ఆ రెండింటి పిదప వచ్చినది; పేరు మాత్రము వచ్చినవారందరిని వరుస తప్పించి కలిపివేసినది. రెవిన్యూ లెక్కలలో కంచ గచ్చిబౌలి యను పేరును కలదు. కంచ యనగా పశువుల మేతకై విడిచిన బీడు. సాలు దున్నని ఆ నేలలో రైతు ఎద్దులతోపాటు జింకలును మేసినవి. గొల్లవాని గొంగడి పరచిన బండపైననే నెమలి పురి విప్పినది.

ఇక తెలంగాణపు పల్లెలలో గచ్చు రీతికి పీర్ల పండుగకంటె మించిన సాక్ష్యము లేదు. క్రీ.శ. 680లో కర్బలా మైదానమున ఇమాము హుస్సేను బలియైన దుఃఖస్మృతి మొహర్రము. ఆ దుఃఖము మన పల్లెకు వచ్చి పండుగ యైనది. హసన్ హుస్సేనులు జానపదుల నోట ఆశన్న ఊశన్నలైరి. పీర్ల కొట్టము ముందు గుండము త్రవ్వుదురు. దానికి అలావా యని పేరు. అందులో మోదుగ మొద్దో, తుమ్మ మొద్దో కాలుచుండగా, డప్పుల దరువునకు జనులు చుట్టును తిరిగి ఆడుదురు. వెండి ఇత్తడి పీర్లకు రంగురంగుల దట్టీలు కట్టి, ఊదు వేసి, కుడుకలును మలీదయు సమర్పింతురు. మలీద యనగా రొట్టెలను నలిపి బెల్లముతో పిసికిన తీపి పదార్థము. పీరును భుజమున ఎత్తుకొనువాడు పెక్కుచోట్ల గొల్లవాడో, మాదిగవాడో, బోయవాడో యగును. ఒక్క ముస్లిం కుటుంబమైనను లేని ఊళ్లలో సైతము పీర్లు లేచుచున్నవి. అటులే దర్గాల ముంగిట మేకను కోసి వండి, ఫాతెహా ఇప్పించి, బంధువులకు వడ్డించు కందూరు మొక్కు హిందువుల ఇండ్లలో తరతరములుగా ఉన్నది. దసరానాడు జమ్మియాకును బంగారమని చేతిలో పెట్టి, గుండెకు గుండె ఆనించి కౌగిలించుకొని, ఆ కౌగిలికి అలాయ్ బలాయ్ అని పేరిడిన జాతి మనది. వీరిని ‘మీది ఏ మతాచారము?’ అని యడిగినచో, ‘ఇది మా ఊరి ఆచారము, అయ్యా’ అని జవాబు వచ్చును.

అయితే ఈ చిత్రమునకు వెనుకవైపు కలదు. బావి త్రవ్వినవాడు వడ్డెరవాడు. గచ్చు నూరినవాడు కూలివాడు. మోటకు తోలు కుట్టినవాడు మాదిగవాడు. బావి సిద్ధమై నీరు పడిన మరునాడు, అతని భార్య కడవ ఆ నీటికి మైల యని దూరముననే నిలిపివేయబడినది. పీరును ఎత్తిన భుజమే ఊరిబావి గట్టునకు తాకరానిదైనది. హైదరాబాదులో 1906 నుండి భాగ్యరెడ్డి వర్మ, జగన్మిత్రమండలి మొదలుకొని ఆదిహిందూ ఉద్యమము వరకు, ఈ అన్యాయమును నిలదీసెను. మతముల నడుమ దారి ఇచ్చిన పల్లె, కులముల నడుమ నీరు ఇవ్వలేదని చెప్పక దాచినచో, ఈ వ్యాసము పెండ్లిపందిరిలో చదువు పద్యమగును గాని చరిత్ర కాదు. అటులనే 1948 సెప్టెంబరునకు ముందు రజాకార్ల దౌర్జన్యములును, పోలీసుచర్య పిమ్మట ముస్లిములపై జరిగిన ప్రతీకారములును హైదరాబాదు రాజ్యమున ఎన్నో ఊళ్ల గచ్చును పగులగొట్టినవి. ఏండ్ల తరబడి నూరిన సున్నము పగులుటకు వారము చాలును.

పగిలిన చోట మరల కట్టు ప్రయత్నముగానే, గచ్చిబౌలిలో నేటికిని అన్నిటికంటె విశాలమైన సంస్థ పుట్టినది. 1969లో తెలంగాణోద్యమము, 1972-73లలో జై ఆంధ్రోద్యమము చెలరేగగా, రెండు ప్రాంతముల తెలుగువారిని సమాధానపరచుటకు 1973 సెప్టెంబరులో ఆరు సూత్రముల పథకము వెలువడినది. అందొక సూత్రము హైదరాబాదున కేంద్రవిశ్వవిద్యాలయమును నెలకొల్పుట. రాజ్యాంగములో 371-ఇ అధికరణము అందుకే చేరినది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము అబిడ్సులోని గోల్డెన్ త్రెషోల్డ్‌లో, అనగా సరోజినీ నాయుడు కుటుంబము నివసించిన ఇంట, పాఠములు మొదలిడి, పిమ్మట గచ్చిబౌలిలోని దాదాపు 2,300 ఎకరముల రాళ్లనేలకు తరలివచ్చినది. విద్యాపీఠము పుట్టుకయే ఒక సంధిపత్రము. ఆ సంధి నిలువలేదు. 2014 జూన్ 2న రాష్ట్రము రెండైనది. అయినను రెండు రాష్ట్రముల బిడ్డలును, దేశపు నలుమూలలవారును ఆ ఆవరణలోని పుట్టగొడుగు ఆకారపు బండ నీడన కూర్చొని చదువుచున్నారు. ఒప్పందము చెడినను, దానికై కట్టిన ఇల్లు పనికివచ్చుచునే యున్నది. ఆ ఇంట అన్నియు చక్కగా సాగినవని చెప్పజాలము. 2016 జనవరిలో పరిశోధక విద్యార్థి వేముల రోహిత్ మరణము దేశమంతటను కులవివక్షను గూర్చిన చర్చకు కారణమైనది. పాత బావిగట్టుమీది ప్రశ్న కొత్త గ్రంథాలయపు మెట్లమీదికి వచ్చినదని ఆనాడు పెక్కుమంది గ్రహించిరి.

1998 ఈ ప్రాంతమునకు మలుపు. ఆ యేటి జనవరిలో, ఉర్దూ మాధ్యమమున ఉన్నతవిద్య నెరపుటకై, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము ఏర్పడి గచ్చిబౌలిలో స్థిరపడినది. 1918లో ఉస్మానియాతో మొదలైన ఉర్దూ ఉన్నతవిద్యాసంప్రదాయము, ఉస్మానియా ఇంగ్లీషునకు మారిన పిమ్మట, అర్ధశతాబ్ది గడచి ఈ బండల నడుమ మరల ఊపిరి పోసికొనెనన్నమాట. అదే సంవత్సరము అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ పాఠములు ప్రారంభించినది. అదే సంవత్సరము నవంబరు 22న మాదాపురమున సైబర్ టవర్సును ప్రధాని వాజపేయి ప్రారంభించెను. గజళ్ల భాషయు గణకయంత్రముల భాషయు ఒకే యేట ఒకే బండనేలపై ఇల్లు కట్టుకొన్నవి. తరువాత ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వచ్చినది. 2002 జాతీయక్రీడలకై క్రీడాప్రాంగణము లేచినది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారిలో తొలిభాగము 2008లో గచ్చిబౌలి నుండియే మొదలై శంషాబాదు చేరినది. అప్పటికి ఈ ప్రాంతమంతటికి సైబరాబాదను పేరు స్థిరపడినది. ఆ పేరు మాత్రము గచ్చిబౌలికి తోబుట్టువు వంటిదే: యవనభాషనుండి ఇంగ్లీషు త్రోవన వచ్చిన తల, పారశీకపు తోక.

దీనితోపాటు నేల స్వభావమును మారినది. పూర్వము నేలకు విలువ అందలి నీటినిబట్టి, గడ్డినిబట్టి ఉండెను. ఇపుడు గజములనుబట్టి వచ్చినది. నీటిని పంచుకొనవచ్చును, గడ్డిని వంతులవారీగా మేపుకొనవచ్చును. గజము మాత్రము ఒక్కరిది కావలెను. అందుచేత ఒకప్పుడు ఇరుగుపొరుగులైనవారు వాదిప్రతివాదులైరి. హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినదని వక్ఫుబోర్డును, తనదని ప్రభుత్వమును వాదించిన మణికొండ జాగీరు 1,654 ఎకరముల వ్యాజ్యము ఏండ్లకొలది నడచి, 2022 ఫిబ్రవరిలో సర్వోన్నతన్యాయస్థానమున ప్రభుత్వపక్షమున ముగిసినది. నీటిపనులు చేయించిన ఫకీరు పేరు చివరకు నేలకాగితములలో చిక్కుకొనుట విధివిచిత్రము. న్యాయము ఎవరిదో న్యాయస్థానము చెప్పినది. చరిత్రకారునకు మిగిలిన పని వేరు. కొలతబద్ద మారినపుడు చెలిమి మారునని గుర్తించుటయే అది.

ఆ కొలతబద్ద 2025లో జింకలపైకి వచ్చినది. హైదరాబాదు విశ్వవిద్యాలయము ప్రక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరములను ప్రభుత్వము చదును చేయబూనగా, విద్యార్థులు అడ్డుపడిరి. రాత్రులందు యంత్రముల వెలుగులో చెట్లు కూలుచుండగా నెమళ్ల కేకలు వినబడు దృశ్యములు దేశమంతటను వ్యాపించినవి. ఏప్రిల్ 3న సర్వోన్నతన్యాయస్థానము ఆ పనులను నిలుపుమని ఆదేశించెను. చుక్కల జింక, నెమలి, నక్షత్రతాబేలు అచ్చటి పాత కాపులు. ఈ విశ్వవిద్యాలయపు ఆవరణలోనే శాస్త్రజ్ఞుల కంటబడి, హైదరాబాదు పేరును తన శాస్త్రీయనామములో ధరించిన సాలెపురుగు సైతము కలదు. కంచలో జింకకును ఎద్దునకును తగవు లేకుండెను. ఎద్దు పోయి యంత్రము వచ్చిన తరువాతనే తగవు పుట్టినది. సహజీవనమనగా మనుష్యుల ఒప్పందము మాత్రమే యని తలచిన మనకు, నోరులేనివానికిని అందులో వాటా కలదని ఒక వేసవి తెలియజెప్పినది.

మరి నేటి గచ్చిబౌలి గుండ్ల రీతిదా, గచ్చు రీతిదా? కార్తికమాసమున నల్లని దుస్తులు ధరించి, నుదుట విభూతితో, పాదరక్షలు లేక, మెడలో తులసిమాలతోపాటు కంపెనీ గుర్తింపుపత్రమును వ్రేలాడదీసికొని, యంత్రము ముందు కూర్చొను అయ్యప్పదీక్షాపరుని ప్రక్కకుర్చీలోనే శుక్రవారమునాడు మధ్యాహ్నపు నమాజునకు లేచిపోవు స్నేహితుడు కూర్చొనును. ‘స్వామీ, నేను వచ్చునంతవరకు ఈ పని కాస్త చూడుము’ అని ఇతడు, ‘సరే భాయ్, పోయిరా’ అని అతడు అనుకొందురు. ఎదురుగా ఒడియా పలుకు అమ్మాయి, వెనుక తమిళుడు, తలుపు కడ ఝార్ఖండ్ నుండి వచ్చిన కావలివాడు. మేడల సముదాయములలో బతుకమ్మ ఆడు స్త్రీలలో సగముమందికి ఆ పాటలు పుట్టింట నేర్చినవి కావు. ఈ ఊరికి వచ్చి నేర్చినవి. ఇది చాలవరకు గుండ్ల రీతియే. ఒకరికొకరు దారి ఇచ్చుకొనుట. అద్దములు గుండ్లవలె నునుపైనవి, దేనిని అంటించుకొనవు.

అయినను గచ్చు నూరు గానుగలు ఇప్పటికిని అక్కడక్కడ తిరుగుచున్నవి. రంజాను నెలలో, దారి ప్రక్కన మట్టితో కట్టిన బట్టీపై రాగి దేగిసాలో, గోధుమలును మాంసమును పప్పులును నేతితో మసాలాతో గంటల తరబడి ఉడుకుచుండ, ఇద్దరు బలశాలులు చెరియొకప్రక్క నిలిచి పొడవైన కొయ్యతెడ్లతో దానిని దంచి దంచి మెదుపుదురు. గోధుమ యేదో మాంసమేదో నాలుకకు తెలియనంత మెత్తనైన పిమ్మట అది హలీమగును. 2010లో హైదరాబాదు హలీమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ బట్టీ ముందు సాయంకాలము వరుస కట్టినవారి మతమును కనుగొనుట బ్రహ్మతరము కాదు. డంగు సున్నమునకును హలీమునకును తయారీ ఒక్కటే: నూరుటకు ఓపిక, తడి ఆరనీయని జాగ్రత్త.

నానక్‌రామ్‌గూడలో నింగినంటు మేడలు కట్టు కూలివారు రేకుల గదులలో నుందురు. వారే నేటి వడ్డెరలు. మేడ పూర్తియైన మరునాడు కావలివాని అనుమతి లేక వారు అందు అడుగిడజాలరు. బావి కట్టినవాని కడవకు నీరు దక్కని పాతకథ అంతటితో ముగియలేదని వారిని చూచినపుడు తోచును. మేడలెన్ని లేచినను, కట్టినవారికి నీరు దక్కనంతవరకు ఈ ఊరు గచ్చు కట్టిన బావి యను పేరునకు తగినది కాజాలదు.

పాత కట్టడములను బాగుచేయు మేస్త్రీలు ఒక సంగతి చెప్పుదురు. గచ్చు పూసిన దినమున దానికి బలము లేదు. కాల్చినపుడు సున్నపురాయి పోగొట్టుకొన్న బొగ్గుపులుసు వాయువును గాలినుండి మెల్లమెల్లగా మరల పీల్చుకొని, నెలలకు, ఏండ్లకు, అది మరల రాయి యగును. ఆలోపల ఎండకు ఒక్కసారి ఆరిపోయినచో, నెరియలు వారి పెచ్చులూడును. అందుకే పని ముగించిన పిమ్మట మేస్త్రి వెంటనే ఇంటికి పోడు. గోనెపట్టాలు తడిపి గచ్చుపై కప్పి, ఉదయము కొంత, సాయంకాలము కొంత, దినదినము నీరు చిలుకరించుచుండును. చూచువారికి అది కట్టుబడిలో భాగముగా కనబడదు. నిచ్చెన, త్రాడు, తాపీ అన్నియు తీసివేసిన తరువాత ఆ బావిగట్టుమీద మిగులునది ఒక నీళ్లచెంబును, దానిని పట్టుకొన్న చేయియు మాత్రమే.